అటక మీది చట్టాలు

కొన్నేళ్ళ క్రిందట ఒక వింతవార్త పత్రికలలోనూ జాలంలోనూ చాలాకాలం తిరిగినది. 1914 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆంధ్రలో వాహనాల ఇన్‌స్పెక్టరు కాదలచినవాడు పళ్ళు శుభ్రంగా తోముకొని ఉండవలెనట. దొడ్డికాళ్ళు, చదునైన పాదాలు, ముందుకు పొడుచుకొచ్చిన రొమ్ము ఉన్నవారు ఆ ఉద్యోగానికి పనికిరారట. కాలం చెల్లిన చట్టాలను ఏరివేయాలన్న చర్చ 2014లో ఢిల్లీలో ఊపందుకున్నప్పుడు ఈ పళ్ళ సంగతి నాకు ముగ్గురు నలుగురు మిత్రులు పంపించారు. నేనూ నవ్వాను. తీరా ఆలోచిస్తే 1914లో ఆంధ్ర రాష్ట్రమే లేదు. మన బెజవాడ చెన్నపట్నం ప్రెసిడెన్సీలో ఒక తాలూకా కేంద్రం. పైగా ఆ 1914 చట్టం స్థానంలో 1939లో ఒక చట్టం, దాని స్థానంలో 1988లో మరొక చట్టం వచ్చాయి. అంటే మనమంతా నవ్వినది ఎప్పుడో పోయిన చట్టాన్ని చూసి.

ఆ నవ్వుతోనే సరిపెట్టుకోకుండా, మా కృష్ణా డెల్టాలో నిజంగా జనం మీద నడిచిన పాత చట్టాలు ఏవి, అవి ఎప్పుడు పోయాయి, ఎలా పోయాయి అని కొంతకాలంగా వెదుకుతూ వచ్చాను. ఆ వెదుకులాటలో దొరికినవాటిలో కొన్ని ఈ టపాలో పెడుతున్నాను. నేను న్యాయవాదిని కాను. చట్టాన్ని చరిత్ర కాగితంగా చదివే అలవాటు మాత్రమే ఉన్నవాణ్ణి.

మొదట నీళ్ళ సంగతి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసినది. మనం కాటన్ దొరను తలుచుకుంటాము గాని ఇక్కడ పని నడిపించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఆనకట్ట పూర్తయిన మూడేళ్ళకు, 1858లో, కలకత్తాలో కూర్చున్న శాసనసభ ఆ యేటి మొట్టమొదటి చట్టంగా ఒకదానిని చేసినది. అది చెన్నపట్నం ప్రెసిడెన్సీ కోసం చేసిన నిర్బంధ శ్రమ చట్టం. ఈస్టిండియా కంపెనీ పరిపాలనకు అదే చివరి సంవత్సరం.

పేరు వినగానే వెట్టిచాకిరి గుర్తుకు వస్తుంది. చదివితే అంత సూటిగా లేదు. చెరువుకో ఏటికో కాలువకో గట్టు తెగే ప్రమాదం ముంచుకొచ్చి, వెంటనే పెద్దసంఖ్యలో మనుషులు పనిలోకి దిగకపోతే ఊళ్ళు మునుగుతాయని అధికారికి తోచినప్పుడు, చుట్టుపక్కల గ్రామాల పెద్దలకు కబురు పంపి ఒళ్ళు వంగే మగవాళ్ళందరినీ పనికి రప్పించవచ్చును. కూలి ఇవ్వాలి, అదీ ఆ ప్రాంతంలో ఆ పనికి ఇచ్చే హెచ్చు రేటున. గండి పూడ్చడానికి కావలసిన చెట్లు, వెదుళ్ళు, గడ్డి, గోనెలు ఎవరివైనా సరే తీసుకోవచ్చును, తరువాత వెల కట్టి ఇవ్వాలి. ఇంతవరకు వరదను ఎరిగినవాడెవడూ కాదనలేని మాటలే. డెల్టాలో పుట్టినవారికి గండి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రాత్రిపూట కట్ట మీద లాంతర్లు పరుగెడుతున్నాయంటే ఊరంతా లేచి కూర్చునేది.

చిక్కంతా ఒక్క మాటలో ఉన్నది. రప్పించవలసినది ఊళ్ళోని మగవాళ్ళందరినీ కాదు, 'శ్రామిక వర్గాలకు చెందిన' మగవాళ్ళను. గట్టు తెగితే మునిగే పొలం ఆసామిది. ఆ గట్టు మీదికి మట్టితట్ట మోయవలసినవాడు ఆ పొలంలో సెంటు భూమి లేని మాలమాదిగ కూలీ. ఆసామి స్వయంగా వచ్చి తట్ట పట్టాలని చట్టం అడగలేదు. ఇదే చట్టంలో రెండవ భాగం ఒకటి ఉన్నది. ఆచారాన్ని బట్టి చెరువులకూ కాలువలకూ గ్రామస్థులు చేయవలసిన మరమ్మతు పనిని, దొరల కాగితాలలో కుడిమరామత్తు అని వ్రాసినదానిని, చేయకుండా ఎగవేసినవారి నుండి ఆ శ్రమ విలువకు రెండింతలు రాబట్టవచ్చునని. తరతరాలుగా ఊరుమ్మడిగా సాగిన పని ఆ విధంగా సర్కారు బాకీగా మారినది.

రాజ్యాంగం వచ్చాక ఈ చట్టం ఎక్కడ నిలుస్తుంది? 23వ అధికరణ వెట్టిని నిషేధించినది, కాని ప్రజాప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధసేవ విధించవచ్చునని రెండవ ఖండంలో మినహాయింపు పెట్టినది. ఆ మినహాయింపుకు మళ్ళీ ఒక ముక్కుతాడు: కేవలం మతం, జాతి, కులం, వర్గం కారణంగా వివక్ష చూపరాదు. గండి పూడ్చడానికి అందరినీ పిలిస్తే రాజ్యాంగానికి అభ్యంతరం లేదు. 'శ్రామిక వర్గాలను' మాత్రమే పిలిస్తే ఆ చివరి మాట అడ్డం వస్తుంది. నా మటుకు నాకు 1858 చట్టంలో కాలం చెల్లినది ఆ రెండు మాటలే. తక్కినదంతా వరద వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక రూపంలో కావలసి వచ్చేదే.

2024 సెప్టెంబరు మొదటి వారంలో అది కళ్ళారా చూశాము. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.4 లక్షల క్యూసెక్కులు దాటినది. విజయవాడలో సగం ఊరిని ముంచినది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు. ఎడమగట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి యంత్రాలు, టిప్పర్లు వచ్చాయి, సైన్యం వచ్చి ఇనుప వల బుట్టలలో రాళ్ళు నింపి అడ్డం వేసినది. ఎవరూ గ్రామపెద్దకు తాఖీదు పంపలేదు. అయినా ఆపదవేళ ఇతరుల వాహనాన్నీ స్థలాన్నీ సామగ్రినీ అధికారి తీసుకొని తరువాత పరిహారం ఇచ్చే అధికారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో ఉన్నది. 1858లోని వెదుళ్ళు, గోనెలు అక్కడ వేరే పేర్లతో కూర్చున్నాయి.

నీటి తీరువ సంగతి ఒక్క ముక్కలో. 1865లో వచ్చిన 7వ చట్టం నీటి సెస్సుది. సర్కారు కాలువ నీరు వాడుకున్నవాడి నుండి ప్రత్యేకంగా సెస్సు వసూలు చేసే హక్కు ఇచ్చినది. ఏది సర్కారు నీరు, ఏది జమీందారు నీరు అన్న తగవు అరవై ఏళ్ళు కోర్టులను పోషించినది. వంశధార ఒడ్డున ఉర్లాము జమీందారీ వ్యాజ్యం 1917లో లండనులో ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళి జమీందారు గెలిచాడు. చివరికి 1988లో నీటి పన్ను చట్టం వచ్చి దాని చోటు తీసుకొన్నది. మా వైపు రైతులు ఇప్పటికీ 'శిస్తు' అంటే నీటి పన్నునే చెప్పుకుంటారు.

ఇక భూమి. 1802లో చెన్నపట్నం ప్రభుత్వం చేసిన రెగ్యులేషన్లలో 25వది శాశ్వత పేష్కషు ఒప్పందం, అనగా జమీందారీ వ్యవస్థకు పునాది. 29వది కరణాలది. నూజివీడు, చల్లపల్లి, మైలవరం వంటి జమీందారీలన్నీ ఆ 25వ రెగ్యులేషను నీడలో పెరిగినవే. దీని రద్దు జరిగిన తీరు నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం ఒకే రోజున 1802 రెగ్యులేషనును తుడిచివేయలేదు. ఏ ఎస్టేటును ప్రభుత్వం ఏ తేదీన స్వాధీనం చేసుకుంటున్నట్టు గెజిటులో ప్రకటిస్తుందో, ఆ తేదీ నుండి ఆ ఎస్టేటు వరకు మాత్రమే పాత రెగ్యులేషను, 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం రద్దయినట్టు భావించాలి అన్నది. అంటే ఒక కాలువకు ఇవతలి గట్టున 1802 ముగిసి, అవతలి గట్టున ఇంకా నడుస్తూ ఉండవచ్చును! ఒక చట్టం ఊరూరా, గెజిటు కాగితం చేరిన క్రమంలో కన్నుమూయడం నేను మరెక్కడా వినలేదు. 'మీ ఊరు ఎప్పుడు నోటిఫై అయింది?' అన్న ప్రశ్న తరువాతి భూమి వ్యాజ్యాలలో ఇన్నిసార్లు ఎందుకు వస్తుందో నాకు అప్పుడు బోధపడినది.

కరణాల రెగ్యులేషనుది వేరే కథ. కంపెనీకి జమీందారు మీద నమ్మకం తక్కువ. అందుచేత ఊరి లెక్కలు వ్రాసే కరణాన్ని జమీందారు ఇష్టం వచ్చినట్టు తీసివేయకుండా, న్యాయస్థానం తీర్పు ఉంటేనే తీసివేయగలిగేటట్టు చేసినది. పదవి ఖాళీ అయితే వారసుడికి మొదటి హక్కు. ఇది రైతుకూ సర్కారుకూ రక్షణగా ఏర్పడిన కట్టడి. వందేళ్ళు గడిచేసరికి అదే కట్టడి కరణీకాన్ని ఇంటి ఆస్తిగా మార్చినది. 1895లో వచ్చిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఆ ఆస్తిహక్కును మునసబు మొదలు తలారి, వెట్టి, నీరుగంటి వరకు అందరికీ క్రమబద్ధం చేసి పెట్టినది. మునసబు కొడుకు మునసబు, వెట్టివాని కొడుకు వెట్టివాడు. పైవాళ్ళకు అది గౌరవం. కిందివాళ్ళకు ఏమిటో చెప్పవలసిన పని లేదు. చట్టం మాత్రం రెండింటినీ 'హక్కు' అనే పిలిచినది.

రాజ్యాంగం వచ్చి పదేళ్ళయినా ఈ చట్టాన్ని ఎవరూ కదపలేదు. కదిపినది మా డెల్టా పల్లెటూరే. తెనాలి తాలూకాలో పేరవలి గ్రామాన్ని రెండుగా విడదీసి పేరవలిపాలెం అనే కొత్త రెవెన్యూ గ్రామాన్ని ఏర్పాటు చేశారు. కొత్త ఊరికి కొత్త మునసబు కావాలి. దరఖాస్తులు పిలిచారు. డివిజను అధికారి తనకు తగినవాడని తోచిన ఒకరిని నియమించాడు. పాత ఊరి మునసబు కుమారుడు పైకి అప్పీలు చేసుకున్నాడు. 1895 చట్టం 6వ సెక్షను ప్రకారం గ్రామాలను విడదీసినప్పుడు కొత్తగా ఏర్పడే ఉద్యోగాలకు పాత ఉద్యోగి కుటుంబంలోనివారినే ఎంపిక చేయాలి గదా అన్నాడు. పై అధికారులు ఔనన్నారు. ప్రభుత్వమూ ఔనన్నది. నియామకం పోయినవాడు ఊరుకోలేదు. చిన్న పల్లెటూరి మునసబు పదవి కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళాడు!

1960 డిసెంబరు 6న తీర్పు వచ్చినది. గ్రామోద్యోగం కూడా రాజ్యం క్రింద ఉద్యోగమే. 16వ అధికరణ ఉద్యోగాలలో వంశాన్ని బట్టి వివక్ష కూడదన్నది. కాబట్టి 6వ సెక్షనులోని ఆ భాగం చెల్లదు. మన సంవిధానంలో 'వంశం' అన్న మాట 15వ అధికరణలో లేదు, 16వ దానిలో మాత్రమే ఉన్నది. దానిని అక్కడ పెట్టినవారికి మునసబులూ కరణాలూ మనసులో మెదిలారేమోనని నాకొక ఊహ. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పును ఇప్పటికీ చదువుతారు. అది పేరవలిపాలెం పొలాల మధ్య పుట్టిన తగవని వారిలో ఎందరికి తెలుసునో!

కోర్టు ఒక సెక్షనును కొట్టివేసినంత మాత్రాన పుస్తకంలోంచి అది చెరిగిపోదు. దానిని తీసివేయవలసినది శాసనసభ. అంతవరకు కొట్టివేసిన సెక్షను కూడా అచ్చులో తలెత్తుకొని నిలబడే ఉంటుంది, అడుగున ఒక చిన్న గమనిక తప్ప. గమనిక చూడని గుమాస్తా చేతిలో పడితే అది మళ్ళీ పనిచేస్తుంది కూడాను.

మునసబు కరణాల వ్యవస్థను పూర్తిగా ఎత్తివేసినది 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం. అదీ ఆర్డినెన్సుతో. ఆర్డినెన్సుకు ఆయుర్దాయం కొద్దినెలలే గనుక మళ్ళీ మళ్ళీ జారీ చేస్తూ పోయారు. ఉద్యోగాలు పోయినవారు కోర్టుకు వెళ్ళి ఒక గడుసు వాదన చేశారు. ఆర్డినెన్సు గడువు తీరి చచ్చిపోయినది గదా, దానితో రద్దయిన మా ఉద్యోగాలు లేచి రావాలి గదా అని. 1985లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆర్డినెన్సు పోయినా అది పూర్తిచేసిన పని పోదు, పోయిన పదవులు తిరిగి రావు అన్నది. ఆ తీర్పు వెనుక ఉన్న తర్కాన్ని 2017లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరొక రాష్ట్రపు వ్యాజ్యంలో కాదన్నది. అప్పటికి మా కరణాలలో చాలామంది కాలం చేశారు.

ఇక్కడ ఒక సొంత సంగతి. నా చిన్నతనంలో మా ఊరి కరణంగారి ఇంటి వసారాలో రెండు భోషాణాలు ఉండేవి. పిల్లలం వాటి మీద ఎక్కి కూర్చుంటే ఆయన అరిచేవారు. ఫెయిర్ అడంగలు, శిస్తు లెక్కలు, తగవు తీర్మానాల నకళ్ళు అన్నీ అందులోనే. ఉద్యోగాలు రద్దయిన ఆ సంక్రాంతి రోజులలో రికార్డులు అప్పగించమని మనుషులు వచ్చారు. ఏవి సర్కారువో, ఏవి ఆయన సొంతానికి వ్రాసుకొన్నవో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు. కట్టలు కట్టి కొన్ని ఇచ్చారు, కొన్ని అటక మీదికి వెళ్ళాయి. ఆ వ్యవస్థ పోవడం న్యాయమేనని నా నమ్మకం. దానికి బదులు ఎవరు కూర్చుంటారో, లెక్క ఎవరు వ్రాస్తారో తేలకముందే పీకివేయడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పొలం గట్ల తగవులు అంతకుముందు లేవని కాదు. కాని ఒక తరం రైతులు 'మా సర్వే నెంబరు ఎవరి దగ్గర ఉన్నది?' అని తిరుగుతూనే గడిపారు. భూమి హక్కుల చట్టాల మీద మనవారికున్న అనుమానానికి మూలం కొంత అక్కడ ఉన్నదనిపిస్తుంది. 2023లో అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం ఎన్నికల అంశమై, ఏడాది తిరగకుండానే 2024లో శాసనసభలో రద్దయినది. 1895 చట్టం వంశాల హక్కును తొంభై ఏళ్ళ పాటు మోసిన నేల మీదనే.

ఇప్పుడు ఆనకట్ట అవతలి ఒడ్డుకు వెళదాము. బ్యారేజీ దాటి తాడేపల్లి వైపు దిగితే సీతానగరం. పుష్కరాలకు వెళ్ళినవారు అక్కడి కొండను, గుడిని ఎరుగుదురు. ఆ ఊరికి మరొక చరిత్ర ఉన్నది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో తిరగవ్రాసి చెన్నపట్నం ప్రెసిడెన్సీకి కూడా విస్తరించారు. ఒక కులాన్ని మొత్తంగా నేరస్థ జాతిగా ప్రకటించవచ్చును. ప్రకటించాక ఆ కులంలో పుట్టిన ప్రతివాడి పేరూ రిజిస్టరులో, వేలిముద్రలు పోలీసుల దగ్గర. చెప్పకుండా ఊరు దాటరాదు, చెప్పిన వేళకు హాజరు పలకాలి. కావాలంటే కుటుంబాలను తెచ్చి 'సెటిల్‌మెంటు'లో పెట్టవచ్చును. ఆ సెటిల్‌మెంట్ల నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ వంటి సంస్థలకు అప్పగించారు. ఎరుకలవారి కోసం సీతానగరంలో ఒకటి, బాపట్ల తాలూకాలో మరొకటి 1910ల దశకంలో వెలిశాయి. రెండవ దానికి గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. అక్కడివారికి చీరాల పొగాకు కంపెనీలో పని చూపించారు.

వీరు నేరస్థులు ఎలా అయ్యారన్నది అసలు ప్రశ్న. మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో దీనిని వివరంగా చర్చించారు. ఎరుకలవారు ఎడ్ల మీదా గాడిదల మీదా కోస్తా ఉప్పును లోపలి సీమలకు మోసుకుపోయి, అక్కడి ధాన్యాన్ని ఇటు తెచ్చే సంచార వర్తకులు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, రైలుమార్గాలు, కరువులు ఒకదాని వెనుక ఒకటిగా వారి వర్తకాన్ని దెబ్బతీశాయి. వర్తకం పోయిన సంచారిని ఊళ్ళు అనుమానంగా చూశాయి. ఒక చట్టం బ్రతుకుదెరువు తీసివేయగా మరొక చట్టం వారికి నేరస్థుడన్న పేరు తగిలించినది.

చెన్నపట్నం శాసనసభ ఈ చట్టాన్ని తన పరిధిలో 1947లోనే రద్దు చేసినది. మన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన వేసిన విచారణ సంఘం సిఫారసు మీద కేంద్రం దేశమంతటా రద్దు చేసినది 1952 ఆగస్టు 31న. ఆనాటి నుండి వారు 'విముక్త జాతులు'. చట్టాల ఏరివేత చరిత్రలో ఇంతకన్న గొప్పరోజు నాకు తోచదు.

అయితే 1947లో రద్దు చేసిన అదే చెన్నపట్నం ప్రభుత్వం 1948లో అలవాటు నేరస్థుల నిరోధ చట్టం తెచ్చినది. ఆంధ్రప్రదేశ్ తన సొంతం 1962లో చేసుకొన్నది. కాగితం మీద తేడా పెద్దదే. పాత చట్టం పుట్టుకను చూసినది, కొత్తది శిక్షల సంఖ్యను చూసినది. కాని పోలీసు ఠాణాలో ఆ పాత రిజిస్టరు చూసే కళ్ళు మారాయా? స్టూవర్టుపురం పేరు చెబితే ఉద్యోగం రాదని, పిల్లనివ్వరని ఆ ఊరివారు దశాబ్దాలు చెప్పుకున్నారు. మన సినిమాలు ఆ పేరును ఎలా వాడుకున్నాయో మీకు తెలియనిది కాదు. చట్టం పోయిన ఇరవై ఏళ్ళ తరువాత అక్కడికి వెళ్ళి పనిచేసినవారిలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన హేమలతా లవణం ఒకరు. జాషువ కుమార్తె, గోరా కోడలు. 'సంస్కార్' ద్వారా ఆమె చేసిన పని ఒక చట్టం విధించిన ముద్రను మనుషుల మీద నుండి చెరిపే పని. దానికి గెజిటు ప్రకటన సరిపోలేదు, ఏళ్ళు పట్టినది.

ఇంకా విచిత్రం, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కారాగారాలలో కులవివక్ష మీద ఇచ్చిన తీర్పు. రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో సంచార జాతులనూ నేరస్థ జాతులనూ ప్రస్తావించే నిబంధనలు అప్పటికీ మిగిలే ఉన్నాయి! తల్లి చట్టం పోయి డెబ్భై రెండేళ్ళయినా దాని మాటలు నిబంధనల సందులలో దాక్కొని బ్రతికాయి. పళ్ళు తోముకున్న ఇన్‌స్పెక్టరు గురించి నవ్విన మనకు ఈ నిబంధనలను ఎవరూ పంపించలేదు.

ఢిల్లీలో జరిగిన పెద్ద ఏరివేతను కూడా చెప్పుకోవాలి గదా. 1998లో పి.సి.జైన్ సంఘం పదమూడు వందలకు పైగా చట్టాలు తీసివేయదగినవని లెక్క చెప్పినది. 2001లో ఒక్క దెబ్బతో 357 పోయాయి. తరువాత పదమూడేళ్ళు నిద్ర. 2014లో లా కమిషను 248వ నివేదికతో మళ్ళీ కదలిక మొదలై, 2015 నుండి 2023 వరకు వరుసగా రద్దు చట్టాలు వచ్చాయి. పదిహేను వందల పైచిలుకు తీసివేశామని ప్రభుత్వం చెప్పుకొన్నది. సంఖ్య ఘనంగా ఉన్నది. విప్పి చూస్తే 2016లో పోయినవాటిలో 758 వినియోగ చట్టాలు, అనగా ఏ యేటికాయేడు ఖజానా డబ్బు ఖర్చుకు అనుమతించి ఆ యేడుతోనే పని తీరినవి. మరెన్నో సవరణ చట్టాలు. సవరణ అసలు చట్టంలో కలిసిపోయాక దాని విడి కాగితం ఖాళీ సంచి. చివరికి పాత రద్దు చట్టాలను రద్దు చేయడానికి కూడా కొత్త రద్దు చట్టాలు కావలసి వచ్చాయి. చెడ్డపని అనను, పుస్తకం పలుచనైతే చదివేవాడికి సుఖమే. కాని పొట్టు చెరిగి గింజలు ఏరామని చెప్పుకొంటే ఒప్పుకోవడం కష్టం.

గింజ ఒకటి మాత్రం దొరికినది, సాహిత్యం చదివేవారికి నచ్చేది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం. వేల్సు యువరాజును కలకత్తాలో తన ఇంటి అంతఃపురానికి ఆహ్వానించిన ఒక పెద్దమనిషిని ఎగతాళి చేస్తూ బెంగాలీలు ఆడిన నాటకం దానికి కారణం. ఆంధ్రలో నాటకాల నిషేధం చరిత్ర మనకు తెలిసినదే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో వ్రాసిన 'మాభూమి'ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడితే చెన్నపట్నం ప్రభుత్వం నిషేధించినది. 1876 చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని అలహాబాదు హైకోర్టు 1956లోనే అన్నది. అయినా పుస్తకంలోంచి పోయినది 2018 జనవరిలో. అరవై రెండేళ్ళు! అదే నమూనాలో తమిళనాడు 1954లో చేసుకొన్న చట్టంలోని ముఖ్యభాగాలను 2013లో మద్రాసు హైకోర్టు కొట్టివేసినది. కేంద్రం తన అటక దులిపితే రాష్ట్రాల అటకలు దులిపినట్టు కాదు, ఒక్కో రాష్ట్రానికి సొంత అటక ఉన్నది.

మన అటక మీద ఉన్నవాటికి ఒక గుర్తు కూడా ఉన్నది. చెన్నపట్నం నుండి 1953లో మనతో వచ్చిన చట్టాలకు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పేరులో 'ఆంధ్రప్రదేశ్ (ఆంధ్ర ప్రాంత)' అని తగిలించారు. హైదరాబాదు నుండి వచ్చినవాటికి 'తెలంగాణ ప్రాంత' అని. 2014లో రాష్ట్రం విడిపోయినది. ఆ బ్రాకెట్లు మాత్రం ఇప్పటికీ అచ్చులో అగుపిస్తూనే ఉంటాయి.

కరణంగారి ఇల్లు ఇప్పుడు లేదు. పడగొట్టినప్పుడు అటక మీది కట్టలు బయట వేశారని, చెదలు పోగా మిగిలినవాటిని ఎవరో పాతకాగితాల వానికి తూచి ఇచ్చారని తెలిసినది. నాకు చేరినది ఒక్క కాగితం: కాలువ పూడిక పనికి ఎవరెవరి ఇళ్ళ నుండి ఎందరు మనుషులు రావాలో వ్రాసిన జాబితా. తేదీ చిరిగిపోయినది. కుడివైపు వరుసలో పేర్లు, ఎడమవైపు హాజరు గీతలు. ఆ పేర్లన్నీ ఒక్క పేటవే. మీ ఇళ్ళలో, మీ తాతగార్ల పెట్టెలలో ఇటువంటివి ఏమైనా మిగిలి ఉంటే పారవేయకండి. ఫొటో తీసి ఉంచండి, వీలైతే నాకూ చెప్పండి.